నాలుగో మూల

మిషను మంచిర్యాలల కొన్న, సెకండ్ హ్యాండ్.
నూట ముప్పై బారు. ముక్కు జర వంకర.
అమ్మినాయన చెప్పిండు:
దగ్గర పెడితే సున్నం గూడ లేస్తది,
దూరం పెడితే దుమ్ము నవ్వుతది,
జానెడు ఎడం, అంతే లెక్క.

రాత్రి నేను ఘుగ్గుస్‌ల కాంటా గుమస్తాను.
బొగ్గు టిప్పరు ఎక్కుతది, అంకె మెరుస్తది, చీటీ చింపి ఇస్త.
పొద్దుగాల ఆరింటికి దిగి, రెండు గంటలు పండి లేచి
మిషను టీవీఎస్ వెనక కట్టుకొని బయలెల్లుత.
గోడలు, డాబాలు, స్కూలు బస్సులు,
ఒకసారి పెండ్లి రథం.
ఫీటుకు రూపాయి ముప్పావు.

ప్రకటనకు పైసలెక్కడివి?
రైలు గేటు కాడ పొడుగు గోడ, నల్లగ, ఎవ్వరిదీ గాదు.
దాని మీద నీళ్లతోనే రాసిన.
దుమ్ము లేచిన కాడ అక్షరం తెల్లగ తేలింది.
పైన మరాఠీల, కింద తెలుగుల: కడుగుతా.
దాని కింద పది అంకెలు.
రంగు లేదు, కుంచె లేదు,
ఉన్నదాంట్లకెల్లి కొంచెం తీసేసుడే.
పన్నెండు దినాలకు మొదలు తెలుగు మాసింది,
తర్వాత మరాఠీ,
ఆఖరుకు నా నంబరుల తొమ్మిది తోక పోయి సున్నా అయింది.
భద్రావతిల ఎవరో ముసలాయనకు ఫోన్లు పోయినయట.
వెతుక్కుంట వచ్చి ఆయన గూడ నీళ్ల ట్యాంకు కడిగిచ్చుకున్నడు.

మొదటి గిరాకి బావ్‌నే గురూజీ.
గోడ కడుగుతుంటె లోపలకెల్లి
లేత పచ్చరంగు బయటికొచ్చింది.
ఆయన భార్య గడపల నిలవడి
"అగ్గ బాయీ, నేను కాపురానికొచ్చిన నాటి రంగు" అన్నది.
మూడు వందల ఫీట్లు, ఐదు వందల ఇరవై ఐదు.
ఇరవై ఐదు ఇడిసిపెట్టుమన్నడు. ఇడిసిన.
ఎనిమిదో నాడు ఫోను:
"అన్నా, మళ్ల నల్లబడ్డది. నువ్వు కడిగింది దేనికి?"
గోడ నాది గురూజీ, గాలి నాది గాదు
అననైతె అన్న గాని నోరు చేదయింది.
రాత్రి నేను తూకమేసి పంపిన బొగ్గే గదా
ఆయన గోడెక్కి కూసున్నది.
నెలకు రెండుసార్లు, సగం రేటు, అని ఒప్పుకున్నం.

కష్టం నీళ్లది.
మే నెల. దినం తప్పి దినం నల్లా.
వాన్ఖడే సావుకారి డాబా కడుగుతున్న,
మోరీల నల్లటి నీళ్లు ఉరుకుతున్నయి.
ఎదురింటి రాజక్క రెండు ఖాళీ బిందెలు పక్కన పెట్టుకొని
మెట్టు మీద కూసున్నది.
తిట్టలే. ఏమన్లే.
నీళ్లు పోయే దిక్కు చూసింది, అటెన్క నా దిక్కు.
పైపు కొంచెం వంచిన, తక్కువ కొడుతదేమోనని.
అది అట్ల పనిచేయదు.

వానకాలం మిషనుకు గోనె కప్పుత.
ఆకాశం ఫుకట్ల కడిగినప్పుడు నన్నెవరు పిలుస్తరు?
మా పోచుబాయి క్యాలెండరు వెనక లెక్క రాసింది:
కిస్తీ పోను, పెట్రోలు పోను, పదకొండు వేలు.
పెద్దపిల్ల నర్సింగు ఫీజుల సగం.
దాని కింద రెండు గీతలు గీసి
పెన్సిల్ చెవిల పెట్టుకున్నది.

నిన్న రాత్రి రెండున్నరకు
సంజయ్ పెందోర్ టిప్పరు కాంటా ఎక్కింది.
టార్పాలిన్ చుట్ట చుట్టి క్యాబిన్ మీద పెట్టిండు.
కప్పని బండికి చీటీ ఇయ్యద్దని రూలు,
నా తలకాయ మీదనే బోర్డున్నది.
వేలు బటన్ కాడికి పోయి ఆగింది.
ఇట్ల కప్పకుండ ఊరు దాటితె
ఎన్ని గోడలు, ఎన్ని ఫీట్లు, రూపాయి ముప్పావు చొప్పున ఎంత
మనసు కట్టేసింది, నేను అడగకముందే.
కిటికీలకెల్లి అరిచిన: "కట్టు సంజయ్!"
అంత గట్టిగ ఎందుకో ఆయనకు సమజు గాలే.
గొణుక్కుంట ఎక్కి మూడు మూలలు కట్టిండు.
నాలుగోది గాలికి తపతప కొట్టుకుంటున్నది.
"చాలు గదా అన్నా?"

అంకె ఊగి ఊగి నిలిచింది.
ముప్పై ఎనిమిది టన్నుల రెండు వందల కిలోలు.
చీటీ చింపిన.