పదో పళ్ళెం

అంబోన్ దీవిలో ఆ యేడు
లవంగాలు ఎవరూ ఆరబెట్టలేదు.
పాత గోతాల వెనక నేను,
కడుపులో ఏడో నెల.
మెడలో సిలువ తళుక్కుమంటుందేమోనని
నోట్లో పెట్టుకున్నాను.

వాకిట్లో కత్తులు. కుర్రాళ్ళ గొంతులు,
సగంమంది ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే.
"ఇంట్లో ఎవరూ లేరు" అన్నాడు సైదున్ మాస్టారు.
"ఒట్టు వెయ్యి."
వేశాడు. అల్లా మీద.
లవంగాల ఘాటుకి తుమ్మొచ్చింది నాకు,
సిలువను కొరికి ఆపుకున్నాను.
ఆ పంటిగాటు ఇప్పటికీ ఉంది.

గొడవలు సద్దుమణిగాక వెళితే
మనిషి చిక్కిపోయి ఉన్నాడు.
"దొంగ ఒట్టు వేశాను యుస్తీనా.
పదిమంది పేదలకి అన్నం పెట్టాలి."
"ప్రాణం కాపాడితే పాపమేమిటి?"
"అది దేవుడి లెక్క. ఇది నాది."

మా పాస్టరుగారిని అడిగాను.
మోషే కాలంలో మంత్రసానులూ
రాజుతో బొంకారన్నాడు.
మాస్టారికి చెబితే, గడ్డం గోక్కుని,
"ఆ రాత్రి వాళ్ళకి నిద్రపట్టిందో లేదో రాశారా?"
రాయలేదు.

సగ్గు గంజి, పసుపు వేసిన చేపల పులుసు.
తొమ్మిదిమందే వచ్చారు.
ఇల్లు కాలిపోయినదాన్ని,
చేతిలో చిల్లిగవ్వ లేనిదాన్ని,
పిల్లను చంకనేసుకుని
పదో పళ్ళెం ముందు కూర్చున్నాను.

గరిటె గాలిలో ఆగింది.
నేను లెక్కకొస్తానో రానో
ఇమామును అడగాలన్నాడు.

అడిగొచ్చేలోగా చల్లారిపోతుంది మాస్టారూ,
వడ్డించండి.