బోల్టు నానిన నీళ్లు

కరక్కాయలు నాలుగు, గింజ తీసి దంచినవి.
టీ పొడి గుప్పెడు, సగానికి సగం ఇగిరేదాకా మరిగించినది.
గుంటగలగరాకు, చంపావతి ఒడ్డున
పంపుసెట్టు తూము దగ్గర నేనే వంగి కోసుకొచ్చింది.
మా వైపు గుంటంటే పిల్ల, గుంటడంటే పిల్లడు.
ఆకుకి ఆ పేరెవరు పెట్టారో గానీ
యాభై మూడేళ్ల మనిషిని
రాత్రికి రాత్రి గుంటడ్ని చేసెయ్యమంటే
అది మాత్రం ఏం చేస్తుంది?

తుప్పు మేకు కూడా వెయ్యమంది దాలమ్మ.
ఇంట్లో తుప్పుపట్టిన ఇనుమంటే ఒక్కటే.
నెల్లిమర్ల మిల్లు గేటు మూసిన రోజు
పదిహేడో నంబరు మిషను కింద ఊడిపడి ఉంటే
అసిరినాయుడు జేబులో వేసుకొచ్చిన బోల్టు.
"రేపు తెరిస్తే బిగించాలి కదే" అన్నాడు.
ఆ రేపు
గూట్లో అగ్గిపెట్టె పక్కన
నాలుగేళ్లుగా పడి ఉంది.
తీసి మూకుట్లో వేశాను.

పెళ్లైన కొత్తలో
మొదటి షిఫ్టు దిగి గుమ్మంలోకొచ్చిన ముసలాణ్ని చూసి
ఎవరు కావాలండీ అని అడిగాను.
కనుబొమలు తెలుపు, మీసం తెలుపు,
చెవుల మీద నూగు తెలుపు,
ఒళ్లంతా జనపనార దుమ్ము.
పగలబడి నవ్వి, నూతి చప్టా మీద చతికిలబడి
"నీళ్లు పొయ్యవే" అన్నాడు.
ఒక్క బిందెకి ఇరవై నాలుగేళ్లవాడు బయటపడ్డాడు.
రోజూ అంతే.
నా మొగుడి ముసలితనం రోజూ నేనే కడిగేదాన్ని,
తెల్లటి బురదలా కాలవలోకి పోయేది.

ఎప్పుడో ఒకరోజు
రెండు బిందెలు పోసినా కొంచెం పోలేదు.
చెవి పక్కన.
కుంకుడు పులుసు వేసి గట్టిగా రుద్దాను.
"దుమ్ము కాదులేవే" అన్నాడు, కళ్లు మూసుకునే.

నిరుడు బజార్లో పొట్లం తెచ్చి రాసుకుంటే
మొహం పనసకాయలా పొక్కింది,
వారం దాకా కళ్లు తెరుచుకోలేదు.
అందుకే ఇప్పుడీ వంట.
రేపు విజయనగరంలో కల్యాణమండపానికి
వాచ్‌మెన్ కావాలంట, నలభై అయిదు లోపు వాళ్లు.
"ఓలమ్మ, పదిమార్లు పోత్తే గానీ పట్టదే ఇది" అంది దాలమ్మ.
మాకున్నది ఒక్క మారే.

గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాను.
వంచిన తల మీద చెంబుతో పోశాను.
బేసిన్లో పడింది మళ్లీ ముంచి పోశాను,
చేతులు లాగేదాకా పోశాను.
దీపం వెలుతుర్లో నీళ్లు కాటుకలా ఉన్నాయి.
తడి ఇనుము వాసన.
"అదే వాసన" అన్నాడు.
ఇంకేం అనలేదు.

తెల్లారి చూస్తే తల నల్లబడలేదు.
కొన్ని చోట్ల చింతతొక్క రంగు,
కొన్ని చోట్ల వానకి తడిసిన మట్టిగోడ రంగు.
నల్లబడింది నా చేతులు.
అరచేతిలో ఇన్ని గీతలున్నాయని
అప్పుడే తెలిసింది.

ఆరున్నర బస్సుకి వెళ్లి మూడింటికొచ్చాడు.
చేతిలో సంచి. సంచిలో నీలం చొక్కా, ఈల, టోపీ.
"తల ఎవడు చూశాడే!
రాత్రి నిద్ర ఆపుకోగలవా అని అడిగారు.
టోపీ తియ్యకూడదంట, తీస్తే యాభై కోత."
పెట్టుకుని చూపించాడు. చెవుల దాకా దిగిపోయింది.
నవ్వాలో ఏం చెయ్యాలో తెలీక
మూకుడు తోమడానికి లేచాను.

అడుగున ఇంకా చెంబెడు నీళ్లున్నాయి.
పారబొయ్యకన్నాడు.
గోనె మీద నన్ను కూర్చోమన్నాడు.
ముడి విప్పాడు.
చాలాసేపు ఏమీ పొయ్యలేదు.
"ఇదంతా ఎప్పుడే?" అన్నాడు.

ఏం చెప్పను,
నేనే మిల్లుకీ వెళ్లలేదు కదా.
"ముందు పొయ్యి" అన్నాను.
మూకుడు వంచాడు.
బోల్టు దొర్లి టంగుమంది.