కొమ్ము

డాబాగార్డెన్స్‌లో జిరాక్స్ షాపు పైన
మెట్లెక్కగానే ఎడమ చేతి గది మాది.
కామేశం గారు జాతకాలు చెబుతారు,
నేను వాటిని తెర మీద పరుస్తాను.

పొద్దున్నే మొదటి పని
కీబోర్డు మీద పోర్టు బొగ్గు తుడవడం.
సాఫ్ట్‌వేర్ తెరిస్తే
ఊరి పేరు తనే వేసుకుంటుంది, విశాఖపట్నం,
పదిహేడు డిగ్రీల నలభై రెండు నిమిషాలు ఉత్తరం.
ఇంకెక్కడ పుట్టినా మార్చడం నా వంతు.

ఏమేం చూపాలి అన్న పేజీలో
నలభై ఒక్క చిన్న గళ్లు.
టిక్కు పెడితే వస్తుంది, తీసేస్తే పోతుంది.
భాగలు కావాలా, పాదాలు కావాలా,
వక్రించినవాడికి బాణం గుర్తు వెయ్యాలా,
మాందిని పిలవాలా వద్దా,
ఆయుర్దాయం పట్టిక అచ్చులోకి రానివ్వాలా.
ఆ చివరిదానికి మాత్రం
ముసలివాళ్లొస్తే కామేశం గారు కళ్లతోనే వద్దంటారు.
దాచడం కాదమ్మా, అంటారు,
అడగంది చెప్పకపోవడం.

ఆయనకి శుక్లాలు, పెద్దక్షరాలు కావాలి.
వచ్చినవాళ్లకి కాగితం
చొక్కా జేబులో పట్టాలి.
ఈ రెండింటి మధ్య నేను,
అక్షరం పద్నాలుగు, గడి వెడల్పు ఇరవై.

గాజువాక వరహాలునాయుడు గారు
కోక్ ఓవెన్స్‌లో ఎ షిఫ్టు దిగి,
కనుబొమల్లో మసి అలాగే ఉండగా
కూతురి చక్రం పట్టుకొచ్చేరు.
"ఏటమ్మా ఇది, శని ఏడులో కూకున్నాడంట,
అనకాపల్లోళ్లు వొద్దనేసినారు."

ఆ కాగితం నేనే ఇచ్చాను, మార్చిలో.
ఏడో గడిలో ముగ్గురు,
ర, బు, పక్కన పాదాల అంకెలు,
చివర గీతకి ఆనుకుని శ.
పదకొండో గడిలో ఇంకో శ.
ఒక్క చక్రంలో ఇద్దరు శనులు.
శుక్రుడు ఎక్కడా లేడు.
అనకాపల్లి సిద్ధాంతి లెక్కపెట్టలేదు,
పెళ్లికొడుకు మేనమామ లెక్కపెట్టలేదు,
నేనూ లెక్కపెట్టలేదు.

ఆ నెలే పాదాలు కూడా చూపమన్నారు కామేశం గారు.
ఒక్క టిక్కు. గడి ఇరుకైంది.
శు పక్కన అంకె, దాంతోపాటు కొమ్ము
గీత అవతల ఎక్కడో రాలిపోయాయి.

చిన్నప్పుడు పలక మీద కొమ్ము మరిచిపోతే
మాస్టారు చెవి మెలేసేవారు.
ఇంత చిన్న వంకరకి అంత కోపమేమిటని
ఏడ్చేదాన్ని.

సరిచూసి ఇస్తాను, రేపు రండి అన్నాను.
మర్నాడు కూతురొచ్చింది, నీలవేణి,
చేతిలో హెల్మెట్, బూట్లకి పరవాడ దుమ్ము.
నేను నోరు తెరిచేలోపే
వేలు పెట్టి గడి గడీ లెక్కపెట్టింది.
"తొమ్మిదిమంది ఉండాలి కదండీ.
శుక్రుడేడీ?"
చెప్పాను, కొమ్ము సంగతి.
కాసేపు నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.
"డిసెంబర్లో పరీక్ష ఉందండి నాకు.
అందాకా ఈయన్ని కూచోనివ్వండి.
ఇదే సైజులో ఇంకో నాలుగు తీయండి."

ప్రింటరు వేడెక్కడానికి కొంచెం టైము పడుతుంది.
ఆ కొంచెం టైములో
మా ఇద్దరికీ మాట్లాడ్డానికేం దొరకలేదు.

సాయంత్రం గడి వెడల్పు ఇరవై ఎనిమిది చేశాను,
మిగతా అందరికీ.
కామేశం గారు తెరకి ముక్కు ఆనించి
ఇప్పుడు బావుందమ్మా, గాలాడుతోంది, అన్నారు.

ఇంటికెళ్లి ఇనప్పెట్టెలోంచి నాది తీశాను.
తొమ్మిదేళ్ల కాగితం, ఇదే గదిలో అచ్చయింది,
నాకంటే ముందు పనిచేసినవాడి చేత.
ఏడో గడి సరిగ్గా మడత మీద పడింది.
అక్షరం ఉంది.
దాని పక్కన ఏదో అరిగిందో, మొదట్నించీ లేదో,
పక్కగదిలో ఆయన దగ్గుతుండగా
బల్బుకి అడ్డంపెట్టి చూస్తున్నాను.