పక్క సీటు

సివాస్ నుంచి ఎర్జురుమ్‌కి
ముప్పై ఒక్కేళ్లు మంచులో బస్సు తోలిన మనిషి
ఇజ్మీర్ రేవులో తొలిరోజు పొద్దున
ఫెర్రీ ఎక్కగానే డ్రైవర్ ఎక్కడని వెతికాడు.

"పైనెక్కడో ఉంటాడులే రుష్తూ, కూర్చో" అన్నాను.
కూర్చున్నాడు,
కుడికాలు మాత్రం లేని బ్రేకు మీద ఉంచి.
అవతలి గట్టు దగ్గరపడేకొద్దీ ఆ పాదం బిగుసుకుంది.
ఇనుము చెక్కకి మెత్తగా ఆనింది.
"పర్లేదు, బాగానే ఆపాడు" అన్నాడు,
పరాయి ఇంటి కూరలో ఉప్పు సరిపోయిందని ఒప్పుకున్నట్టు.

గదిలోంచి సముద్రం కనిపిస్తుందన్నారు.
అబద్ధం కాదు.
రెండు మేడల సందున అరచెయ్యంత కనిపిస్తుంది.
ఓడ ఆ సందు దాటడానికి ఎంతసేపో
గడియారం చూసి లెక్కగట్టాడు.
నేను జడ విప్పి, దువ్వి, మళ్లీ అల్లుకున్నంతసేపు.

ఈ ఊళ్లో పొద్దుతిరుగుడు గింజల్ని చీదెమ్ అంటారు.
మా కొండల మీద
మంచు ఇంకా పూర్తిగా కరగకముందే
తల పైకెత్తే పువ్వు పేరది.
"మా ఆవిడకి ఒక పొట్లం పూలియ్యి" అన్నాడు బండివాడితో.
పెళ్లయ్యాక నాకు పూలు కొనడం ఇదే మొదలు.
గట్టు మీది గడ్డిలో కూర్చుని
పొట్టు ఊదుకుంటూ తినేశాం.

మధ్యాహ్నం సముద్రం మీంచి గాలొస్తుంది.
దానికో పేరుంది, ఇంబాత్.
మా ఊరి గాలి పిలవని చుట్టం,
వస్తూనే తలుపు పీకుతుంది.
ఇది వేళ తప్పని ఉద్యోగిలా వచ్చి
చొక్కాలో దూరి, పలకరించి పోతుంది.
ఈ ఊళ్లో రుష్తూకి ముందుగా నచ్చింది అదే.

రెండోరోజు బజారు సందుల్లో తప్పిపోయాం.
తుఫానులో కూడా దారి తప్పని మనిషి
నన్ను మూడుసార్లు
ఒకే బొత్తాల కొట్టు ముందు నిలబెట్టాడు.
మూడోసారి కొట్టు ముసలాయన అవ్రామ్
రెండు స్టూళ్లు బయటికి లాగి
టీ తెప్పించాడు.
నా కోటుకి పై బొత్తాం లేదని చూసింది ఆయనే.
ముత్యపు చిప్పది ఒకటి ఏరి కుట్టిచ్చాడు.
మిగతావాటితో కలవదు.
అయినా తడుముకుంటున్నాను దాన్నే.

ఒకేఒక్కసారి ఎక్కాను రుష్తూ బస్సు,
మా నాన్నకి బాగోలేదని తెలిసిన రోజు.
నాలుగో వరసలో సీటు.
అక్కణ్ణుంచి నాకు తెలిసిన మొగుడు
ఒక మెడ, అద్దంలో రెండు కళ్లు.
జారా దాటాక ఆ కళ్లు ఒక్క క్షణం
రోడ్డు వదిలి నావైపు వచ్చాయి.
వెంటనే వెళ్లిపోయాయి.
పిల్లలు పుట్టిన రాత్రులు, కనుమ మూసుకుపోయిన రాత్రులు,
నా పక్కచోటు ఎప్పుడూ ఆ రోడ్డుదే.
ఇది ఫిర్యాదు కాదు.
ఆ రోడ్డే మాకు అన్నం పెట్టింది.

చివరి సాయంత్రం, కార్షియాకా రేవు.
దీపాలు వెలుగుతున్నాయి అవతలి గట్టున
ఒక్కొక్కటిగా, తొందరేమీ లేనట్టు.
ఫెర్రీ కూత పెట్టింది.
రుష్తూ చటుక్కున లేచాడు.
ఒక్క నిమిషం ఆలస్యమైందని
సొంత మేనమామనే జారాలో వదిలేసి పోయినవాడు.
నేను చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"పోనీ" అన్నాను.

ముప్పై ఒక్కేళ్లు కండక్టర్ నోట
ఆ మాట వినగానే కదిలిన మనిషి
నా నోట విని ఆగిపోయాడు.
ఫెర్రీ తాడు విప్పుకుంది.
నీళ్లు తెల్లగా విరిగి మళ్లీ అతుక్కున్నాయి.
అతను చేతి గడియారం వంక చూడబోయి
నా బొత్తాం చూశాడు.
"ఇది వేరే రంగు కదూ" అన్నాడు.
"ఇప్పుడా చూడ్డం?"

కూర్చున్నాడు.
కుడిపాదం చెప్పులోంచి బయటికొచ్చి
రాతి మీద వెల్లకిలా వాలింది.

తరవాతి ఫెర్రీ ఎప్పుడో
ఇద్దరం అడగలేదు.
పొట్లంలో ఇంకా గింజలున్నాయి.