మైనస్ నాలుగున్నర

నచ్చకుంటే రేపటి చాయ్ నాది,
నచ్చితే నీదని తహసీన్ పందెం.
దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్, మూడో అంతస్తు, పై మంచం.
ఫ్యాను రెక్కకూ నా తలకూ మూరెడు దూరం.
ఒక ఇయర్‌ఫోను ఆమెకు,
ఒకటి నా ఎడమ చెవికి.

మొదట నవ్వొచ్చింది.
అవేం కండ్లు!
సగం మొహం కండ్లే.
ముక్కంటే ఒక చుక్క,
నోరంటే గీసి మర్చిపోయిన గీత.
కోఠిల కళ్ళద్దాల షాపుల
ఆరేండ్ల నుంచి కండ్లే చూస్తున్నదాన్ని.
ఇంత నల్లగుడ్డుకు ఏ ఫ్రేము పడతది,
ఎంత లెన్సు కొయ్యాలె?
జుట్టు కండ్ల మీద పడ్డది,
అయినా జుట్టులోంచి కండ్లు కనిపిస్తనే ఉన్నయి.
"అదెట్ల?" అన్న.
"చుప్," అన్నది తహసీన్.

కథంటారా, ఇంకా ఏం కాలేదు.
ఒక చిన్న రైల్వే స్టేషను. వాన.
పిల్లగాడు గొడుగు పట్టుకొని నిలబడ్డడు
ఆ పిల్లకు ఇయ్యాల్నా వద్దా అని.
మన సినిమాల అయితే ఈపాటికి
ఒక పాటకు మంచుకొండ దాకా పోయొచ్చేటోళ్ళు.
వీడు గొడుగు ఈ చేతిల నుంచి ఆ చేతిలకు మార్చుకున్నడు.
అంతే. గంతదానికే
మొహమంతా తెల్లకాగితంలెక్కున్నోడికి
చెవి ఒక్కటి దానిమ్మ గింజయింది.

పూరెక్కలు రాలుడు మాత్రం జర ఎక్కువ.
ఆ ఊర్ల ఊడ్చేటోళ్ళు లేరా?

మనుషులను ఇంత పొదుపుగ గీసినోడు
వెనకున్న కరెంటు తీగలను లెక్కపెట్టి గీసిండు.
టికెట్ మిషను మూలకు తుప్పు.
బడి సంచికి వేలాడే గుడ్డ కుందేలు,
దాని చెవికి వేరే రంగు దారంతోని కుట్టు.
నిలిచిన నీళ్ళల్ల సిగ్నల్ ఎరుపు తలకిందులుగ వణికితే
మలక్‌పేట రైలు వంతెన కింద
ఇంజన్లకు నీళ్ళు పోయి ఆగిన
మా షేర్ ఆటో లైటు యాదికొచ్చింది.
ఆ రాత్రి చెప్పులు చేతిల పట్టుకొని
జీహెచ్ఎంసీని తిట్టుకుంట నడిచిన.
నీళ్ళను చూడనే లేదు.

ఆఖర్ల బొమ్మ ఆ పిల్ల కంటి దగ్గరికి పోయింది.
నల్లగుడ్డుల రెండు తెల్ల మచ్చలు.
ఒకటి పెద్దది,
దాని కింద ఇంకోటి, మెతుకంత.
పెద్దదాంట్ల కిటికీ.
కిటికీల, గొడుగు.
"అబద్ధం. ఇట్ల ఎవరి కంట్ల ఉంటది?"
అననైతే అన్న.

ఓంకార్ అని ఒకాయన వస్తడు.
మైనస్ నాలుగున్నర, రెండు కండ్లకూ.
ఒక్క స్క్రూ బిగించుకోనీకి
బోడుప్పల్ నుంచి కోఠి దాకా, నెలకు రెండుసార్లు.
ఊడే స్క్రూ కాదది.
బిగించింది నేనే, నాకు తెల్వదా?
మొన్న శనివారం పరీక్ష గదిల
అద్దాలు తీసి ఒళ్ళె పెట్టుకొని కూర్చున్నడు.
ఆ నంబరు మనిషికి జానెడు దాటితే లోకమంతా మసక.
లెన్సు మార్చనీకి నేను
జానెడు లోపలికి వంగిన.
తలుపు సందుల నుంచి వెలుతురు.
నల్లగుడ్డుల ఒక పెద్ద మచ్చ,
దాని కింద మెతుకంత.
పెద్దదాంట్ల తలుపు,
తలుపుల నేను,
చెవి మీద పెన్సిలు.

"కింది లైను చదవండి," అన్న.
అయిదే అక్షరాలు.
ఆయన శానాసేపు చదివిండు.

ఎపిసోడ్ అయిపోయింది.
నాకు రాని లిపిల పేర్లు మీదికి పోతున్నయి.
వాళ్ళల్ల ఎవరో ఒకరు
ఎవరి కంటినో జానెడు లోపల నుంచి చూసే ఉంటరు.

"ఎట్లున్నది?" అన్నది తహసీన్.
"ముక్కులు మంచిగ లేవు."
"చాయ్ ఎవరిది?"
తర్వాతిది మొదలయితుందని తెర మీద అంకెలు,
అయిదు, నాలుగు, మూడు.
వేలు పెట్టి ఆపిన.
"నాదే తియ్," అన్న.

లైటు తీసినంక చెవులు ముట్టుకొని చూస్తే
కుడిది కాలుతున్నది.
ఇయర్‌ఫోను వేడి అందామంటే
అది ఉన్నది ఎడమ చెవికి.