మరక

ఏసుపాదం మళ్ళీ విసుక్కుంటున్నాడు.
"నాలుగుసార్లు తోమినా ఈ ఫ్లాస్కు వదల్దు తల్లీ,
మీ పసుపు గాజుక్కూడా పడతది."

నిజమే.
గాజుకి పడుతుంది, తెల్లకోటు జేబుకి పడుతుంది,
థీసిస్ మూడో అధ్యాయం అంచులకి పడుతుంది.
పట్టాల్సిన చోట తప్ప
అన్నిచోట్లా పడుతుంది.

దుగ్గిరాల యార్డులో కొన్న కొమ్ములివి.
దంచి, వడకట్టి, రంగు మాత్రం తీసి
నీళ్ళలో వేస్తే
అలిగిన వియ్యపురాలిలా అంచునే కూర్చుంటుంది, కలవదు.
మింగితే కాలేయం గుమ్మంలోనే ఆపి
మూటగట్టి బయటికి పంపేస్తుంది.
నెత్తుట్లో వెతికితే ఆనవాలుండదు.

అందుకే దానికో కోటు కుడుతున్నాను.
నిజాంపట్నం రొయ్యపొట్టు నుంచి తీసిన దారం
(మూడు రోజులు ల్యాబంతా చేపల రేవు),
దానిమీద కడుపులో పులుపుకి కరగని ఇంకో పొర.
తలవెంట్రుకని నిలువునా నాలుగొందల పోగులు చేస్తే
ఒక్క పోగు మందం, అంతే గింజ.
చెవిలో చెప్పి పంపాలి దానికి:

ఇది గుంటూరు నుంచి బెజవాడ పాసింజరు.
నంబూరు దగ్గర పుల్లటి వాన కురుస్తుంది, కిటికీ మూసుకో.
పెదకాకానిలో దిగకు.
మంగళగిరిలో ఎవరో పిలుస్తారు, పలక్కు.
కృష్ణా కెనాల్లో బండి గంటలకొద్దీ ఆగుతుంది,
అందరూ టీలకి దిగుతారు, నువ్వు దిగకు.
వంతెన దాటాక ఆఖరి మలుపులో
ఒక ఇల్లుంది,
చావాల్సిన కణాలు చావడం మానేసిన ఇల్లు.
అక్కడ విప్పు కోటు.

మొన్న యంత్రం నూట ఎనభై ఏడు అంది. నానోమీటర్లు.
మేడమ్ కళ్ళజోడు పైకి తోసి "బావుంది" అన్నారు.
రాత్రి కరెంటు పోయింది.
పొద్దుటికి గింజలన్నీ ఒకదాన్నొకటి కావలించుకుని
సీసా అడుగున పసుపు ముద్ద.

మధ్యాహ్నం ఏసుపాదం వాళ్ళక్కని తీసుకొచ్చాడు.
సువార్తమ్మ.
చంకలో పెద్దాసుపత్రి కవరు,
పెద్దపేగు చివర గడ్డ, మూడో దశ.
దుగ్గిరాల్లో ముప్పై ఏళ్ళు పసుపు పాలిష్ పట్టిన చేతులు,
గీతల్లో, గోళ్ళ మొదళ్ళలో ఇంకా రంగుంది.

"తాళికి రాసుకుంది లేదమ్మా, మా ఇళ్ళల్లో రాసుకోం.
ఊపిరికి రాసుకున్నా.
తుమ్మితే పసుపు, చెమట పడితే చీరంతా పసుపు.
మంచిదంటారు గదా,
మరి నాకెందుకు పట్టలా?"

నా నాలుగేళ్ళ ప్రశ్నని
ఒక్క క్రియాపదంలో అడిగేసింది.
జీవలభ్యత అనే మాట గొంతుదాకా వచ్చింది.
మింగేశాను.
"ఇంకా పళ్ళెంలో కణాల మీదే చూస్తున్నామమ్మా,
తర్వాత ఎలకలు, ఆ తర్వాత..."
"ఎలకల తర్వాత నేనా?"
పళ్ళు కనపడేలా నవ్వింది.

సోమవారం నుంచి మందెక్కిస్తారట.
"వెళ్ళండి. ఒక్కసారి కూడా మానకండి.
పసుపు తాగితే చాలని ఎవరన్నా చెబితే నమ్మకండి."
పసుపు మీద డాక్టరేట్ తీసుకోబోయేదాన్ని,
ఆ మాట నా నోటితో నేనే.

లేవబోతూ, బల్లమీది కొమ్ము తీసి
కిటికీ వెలుగుకి పట్టుకుంది. విరిచింది. వాసన చూసింది.
"ఇది నిరుటి సరుకమ్మా. ఎండ తినేసింది.
ఎవడంటగట్టాడు నీకు?"
నాకు రెండు నెలల కొలతలు గుర్తొచ్చాయి,
రంగు తగ్గుతూ వచ్చిన గీత,
మేడమూ నేనూ ద్రావణాన్ని తిట్టుకున్న సాయంత్రాలు.

బుధవారం ఏసుపాదం గుడ్డసంచి తెచ్చాడు,
నల్లగుడ్డలో చుట్టి, మూతి కుట్టి.
"సెలైన్ పెట్టిన చేత్తోనే ఫోన్ చేసి,
ఎవరెవరినో తిట్టి ఏరించింది."
ఫ్లాస్కు తోమడానికి వెళ్ళిపోయాడు.

రికార్డు పుస్తకంలో నమూనా నలభై ఒకటి.
మూలం అని ఒక గడి ఉంది.
ఏరినవారు అని లేదు.
అంచున రాశాను, సువార్తమ్మ.
పేరు మీద నా బొటనవేలి ముద్ర పడింది.
తుడవబోయి, ఊరుకున్నాను.