మూడో ఫోటోలో కుక్కర్

"హాయ్" అని రాసి చెరిపేశాను.
"ఎలా ఉన్నారు" అని రాసి అదీ చెరిపేశాను,
ఆ ముక్క బ్యాంకువాళ్ళు కూడా అడుగుతారు.
రాత్రి పదకొండున్నర. లీడ్స్‌లో వాన,
వాన అని పిలిస్తే సిగ్గుపడేంత సన్నగా.

నలభై మూడేళ్ళు నాకు.
ఒక పెళ్ళి అయింది, అయిపోయింది.
పగలంతా ల్యాబ్‌లో ఎవరెవరి నోళ్ళకో పళ్ళు చేస్తాను,
మైనం, ప్లాస్టర్, గులాబిరంగు చిగుళ్ళు.
నా నోట్లోంచి మాత్రం
మొదటి మాట ఒక్కటీ ఊడిపడదు.

అతని పేరు ఇద్రిస్. వేల్స్ మనిషి.
లిఫ్టులు బాగుచేస్తాడట.
ఫోటోలు నాలుగు.
కొండ మీద ఒకటి
(ఇక్కడ ప్రతి మగాడూ ఒక కొండ ఎక్కి తీరతాడు),
ఎవరిదో కుక్కతో ఒకటి,
మూడోది వంటింట్లో.
పెద్దది చేసి చూశాను. అతన్ని కాదు,
అతని భుజం వెనక షెల్ఫు మీద
అడుగు మాడిన అయిదు లీటర్ల కుక్కర్‌ని.
దానికి విజిల్ లేదు.

ఇక ఆగలేకపోయాను.
"మీ కుక్కర్ విజిల్ ఏమైంది?"
పంపేసి, ఫోను బోర్లా పెట్టి
దుప్పట్లో దూరాను,
చుట్టాలింట్లో గ్లాసు పగలగొట్టిన పిల్లలా.

పొద్దున జవాబు:
"అది కుక్కరా! నాకు ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి వెళ్ళారు.
నేను అందులో నట్లూ బోల్టులూ వేసుకుంటున్నాను."

పక్క బల్ల దగ్గర ఎవరివో పై పళ్ళు అరగదీస్తూ
మోరీన్ అంది:
"డిన్నరు మాత్రం వద్దు. అది జైలు.
ఐస్‌క్రీమ్ వచ్చేదాకా బెయిలుండదు.
పగలు కలువు, జనంలో కలువు,
ఎలాగూ చేసుకునే పనేదో ఒకటి పెట్టుకో.
ఎక్కడున్నావో నాకు మెసేజ్ పెట్టు."

నా పెళ్ళిచూపులకి పదకొండుమంది వచ్చారు.
పదిమంది మాట్లాడారు.
మాట్లాడని ఆ పదకొండోవాడికే నన్నిచ్చారు.

అందుకని రాశాను:
"శనివారం పదింటికి కర్క్‌గేట్ మార్కెట్‌కి
ఉల్లిపాయల కోసం వెళ్తాను.
విజిల్ కూడా వెతకొచ్చు. అరగంట.
తర్వాత మీ దారి మీది."
కుదరకపోతే
ఉల్లిపాయలైనా ఇంటికొస్తాయి కదా.

నాకన్నా ముందే వచ్చి నిలబడ్డాడు.
"సు-వర్-చలా," అన్నాడు,
బస్సులో వల్లె వేసుకున్నాడట.
చివర్న సాగదీశాడు. సరిదిద్దబుద్ధి కాలేదు.

చేపల వరసలో మాటలు అయిపోయాయి.
ఇద్దరం ఒక కాడ్ చేప కళ్ళలోకి
చాలాసేపు చూశాం.
లిఫ్టు మధ్యలో ఆగిపోతే
లోపలివాళ్ళు ఏం చేస్తారని అడిగాను.
ఆలోచించి చెప్పాడు:
"మొదట అందరూ అన్ని బటన్లూ నొక్కుతారు.
ఎంతకో గానీ
పక్కనున్న మనిషి పేరడగరు."

మూల కొట్టు రఫాకత్ గారు బిస్కట్ల డబ్బా దించారు,
నిండా విజిళ్ళు.
"ఏ కంపెనీ?"
మాకిద్దరికీ తెలీదు.
ఒకటిన్నర పౌండుకి ఒకటి ఏరుకుని
జేబులో వేసుకున్నాడు.
నడుస్తుంటే తాళాలకి తగిలి
చిన్నగా మోగుతూనే ఉంది.

"బతికే ఉన్నావా?" మోరీన్ మెసేజ్.
అప్పటికి పన్నెండున్నర,
అట్టకప్పుల్లో రెండో టీ.

బస్సు సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది,
ఉల్లిపాయలు కొననే లేదు.

రాత్రి ఫోటో పంపాడు.
కుక్కర్ మీద విజిల్, కాస్త ఒరిగి,
పెద్దాయన టోపీ చిన్నవాడి తలమీద పెట్టినట్టు.
"ఎన్ని కూతలు?" అని కింద.

కందిపప్పుకి మూడు, అని రాశాను.
ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే గానీ
నా లోపల అది ఎప్పుడో మారిపోయింది,
ఆ చేప దగ్గరో, డబ్బా దగ్గరో.
వెంటనే ఇంకోటి పంపాను:
ముందు లోపలున్న నట్లు తియ్యి.